వీడియోలు చూసి చెక్క బల్ల చేయడం నేర్చుకోవచ్చా? బెంగళూరులో అద్దె ఇల్లు, చిన్న బాల్కనీ

హొరమావు నివాసి అడిగారు:

అందరికీ నమస్కారం. మాది కర్నూలు జిల్లా. ఉద్యోగరీత్యా బెంగళూరు హొరమావులో అద్దె ఇంట్లో ఉంటున్నాం. మా అమ్మాయి మూడో తరగతి చదువుతోంది. తనకు చదువుకోవడానికి ఒక బల్ల, దానికొక సొరుగు కావాలి. ఆన్‌లైన్‌లో తెప్పించిన బల్ల ఒక్క వర్షాకాలానికే అంచులు ఉబ్బి, పైన అతికించిన పొర లేచిపోయింది. విప్పి చూస్తే లోపల ఉన్నది రంపపు పొట్టును జిగురుతో కలిపి నొక్కిన పలక. అప్పటి నుంచి అసలు చెక్కతో నేనే చేయాలన్న కోరిక గట్టిగా పట్టుకుంది.

రోజూ రాత్రి పాప నిద్రపోయాక వీడియోలు చూస్తున్నాను. ఎక్కువగా అమెరికా, ఇంగ్లండ్ వాళ్ళవి. చూస్తున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది. మర్నాడు కాగితం మీద నా బల్ల గీద్దామని కూర్చుంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. వాళ్ళకు పెద్ద షెడ్డు, అందులో టేబుల్ సా అనే బల్ల రంపపు యంత్రం, చెక్కను ఒకే మందానికి తెచ్చే యంత్రం, గోడ నిండా ముక్కలను బిగించి పట్టే క్లాంపులు ఉంటాయి. నా దగ్గర ఉన్నది ఒక డ్రిల్లు, నాలుగడుగుల వెడల్పు బాల్కనీ. ఖర్చు 15,000 రూపాయల దగ్గర ఆపాలని అనుకుంటున్నాను. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు బల్ల చాలు.

వడ్రంగి పని చేసేవాళ్ళు ఎవరూ మా బంధువుల్లో లేరు. పక్కన నిలబడి నేర్పేవాళ్ళు లేకుండా వీడియోలతోనే ఇది నిజంగా వస్తుందా? వస్తుందంటే మొదట ఏ పనిముట్లు కొనాలి, కలప ఎక్కడ దొరుకుతుంది, ఏ కలప తీసుకోవాలి?

ఇంకొక సందేహం. ఒక వీడియోలో బల్ల పైపలకను కాళ్ళ చట్రానికి బిగించేటప్పుడు, స్క్రూ కోసం గుండ్రటి రంధ్రం కాకుండా కొంచెం పొడవుగా గాడిలా తొలిచి, స్క్రూ అందులో జరిగేలా వదిలాడు. జిగురు కూడా పూయలేదు. బల్ల గట్టిగా ఉండాలంటే బిగించాలి కదా? వదులుగా వదలడం ఎందుకు? ఆయన కారణం చెప్పకుండా ముందుకు వెళ్ళిపోయాడు.

మారతహళ్ళి నుంచి ఒక జవాబు:

తప్పకుండా వస్తుందండీ. నేను పుస్తకాల అల్మారా, చెప్పుల స్టాండు, వంటింటి అరలు అన్నీ వీడియోలు చూసే చేశాను. అయితే నా సలహా వేరు. మొదటి పనికి అసలు చెక్క జోలికి వెళ్ళకండి. ప్లైవుడ్ తీసుకోండి.

ప్లైవుడ్ షీటు ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు ఉంటుంది. మీ కొలతలు కాగితం మీద రాసుకుని వెళ్తే, షీటు కొన్నచోటే పెద్ద యంత్రం మీద ముక్కలు కోసి ఇచ్చే షాపులు ఇప్పుడు చాలా ఉన్నాయి. చేత్తో కోస్తే రాని తిన్నదనం దానితో వస్తుంది. ఇంటికి తెచ్చి డ్రిల్లుతో బిగించుకోవడమే. షీటు మీద ముద్ర చూసి కొనండి. ఐఎస్ 303 అంటే మామూలు వాడకానికి. అందులోనూ తేమను కొంతవరకే తట్టుకునే ఎంఆర్ రకం, మరిగే నీటినీ తట్టుకునే జిగురుతో చేసిన బీడబ్ల్యూఆర్ రకం ఉన్నాయి. ఐఎస్ 710 అంటే మెరైన్ ప్లై. చదువుకునే బల్లకు మెరైన్ అవసరం లేదు.

సొరుగు జారడానికి రెండు పక్కలా టెలిస్కోపిక్ ఛానల్ అనే లోహపు పట్టీలు వేస్తారు కదా, ఒక్కో పక్కన అర అంగుళం వదలాలి. అంటే సొరుగు పెట్టె వెడల్పు, అది కూర్చునే ఖాళీ కన్నా ఒక అంగుళం తక్కువ ఉండాలి. ఈ లెక్క చాలా వీడియోల్లో మాట వరసకు చెప్పి వదిలేస్తారు.

పనిముట్లకు, సామానుకు ఎస్‌జేపీ రోడ్డు. టౌన్‌హాల్ వైపు నుంచి నడుచుకుంటూ వెళ్ళండి. ఒక్కొక్క షాపు ఒక్కొక్క రకం సామాను అమ్ముతుంది. కలపే కావాలంటే మైసూరు రోడ్డు దగ్గర టింబర్ యార్డ్ లేఅవుట్ చూడండి.

పీణ్య నమూనాల మేస్త్రి రాసిన జవాబు:

బాబూ, మీ ప్రశ్నలన్నిటిలోకీ చివర అడిగినది గొప్ప ప్రశ్న. అది తట్టిందంటే మీరు పని నేర్చుకోగలరు. అందుకే అక్కడ మొదలుపెడతాను.

చెక్క చచ్చిన వస్తువు కాదు. చెట్టు కొట్టి ఎన్నేళ్ళైనా గాలిలో తేమ పెరిగితే పీల్చుకుని ఉబ్బుతుంది, ఎండ కాస్తే వదిలేసి కుంచించుకుంటుంది. పొడవు వైపు దాదాపు కదలదు. కదలికంతా వెడల్పులోనే. రెండడుగులు, అంటే 60 సెంటీమీటర్ల వెడల్పు టేకు పలక తీసుకుందాం. మామూలుగా కోసిన పలకైతే, దానిలో తేమ నాలుగు శాతం మారినప్పుడు వెడల్పు సుమారు నాలుగు మిల్లీమీటర్లు మారుతుంది. చారలు నిలువుగా వచ్చేలా దుంగ మధ్య నుంచి కోసిన పలకైతే రెండున్నర మిల్లీమీటర్ల దగ్గర ఆగుతుంది. మన బెంగళూరులో మార్చి మధ్యాహ్నానికీ ఆగస్టు ముసురుకూ అంత తేడా వస్తుంది. ఇప్పుడు ఆ పలకను జిగురు పూసి, స్క్రూలతో చట్రానికి కదలకుండా బిగించారనుకోండి. నాలుగు మిల్లీమీటర్లు ఎక్కడికి పోవాలి? పలకైనా చీలుతుంది, చట్రమైనా విడుతుంది. ఆ వీడియోలో పొడవు గాడి పెట్టింది పలక తన దారిన తను పెరిగి తగ్గడానికి. బల్ల గట్టిదనం కాళ్ళకూ చట్రానికీ మధ్య ఉన్న అతుకుల్లో ఉంటుంది. పైపలకను కిందికి పట్టి ఉంచితే చాలు.

ఆయన కారణం చెప్పకుండా వెళ్ళిపోయాడన్నారు. వీడియోలతో వచ్చే చిక్కంతా అక్కడే ఉంది. మీరు చూస్తున్నది వాళ్ళ గాలిలో, వాళ్ళ చెక్కతో, వాళ్ళకు చిన్నప్పటి నుంచి తెలిసిన విషయాలను దాటేసి చేసిన పని. చేతులు ఎలా కదులుతున్నాయో వీడియో బాగా చూపిస్తుంది, ఒక్కోసారి పక్కన నిలబడినదాని కన్నా బాగా. కానీ మీ ముందున్న చెక్క ఎలాంటిదో అది చెప్పలేదు. కాబట్టి నా సలహా ఒక్కటే. ముందు చెక్కను ఇంటికి తెచ్చుకోండి, దాన్ని తెలుసుకోండి, ఆ తరువాతే ఏ వీడియో చూసి చేయాలో నిర్ణయించుకోండి. అందరూ దీన్ని తిరగేసి చేస్తారు.

నేను హిందూపురం వాణ్ణి. పీణ్యలో, లోహం కరిగించి పోత పోసే ఫౌండ్రీలకు చెక్క నమూనాలు చేసే షాపులో పని చేసి విరమించాను. ఇసుకలో అచ్చు తీయడానికి ముందు ఆ వస్తువును చెక్కతో చేయాలి, దాన్నే నమూనా అంటాం. పోత ఇనుము చల్లారేటప్పుడు మీటరుకు సుమారు పది మిల్లీమీటర్లు కుంచించుకుంటుంది. అందుకని నమూనాను అంతమేరకు పెద్దదిగా చేస్తాం. దానికి వేరే స్కేలు ఉంటుంది, అందులో గీతలే కాస్త దూరం దూరంగా ఉంటాయి. ఒకవైపు లోహం కుంచించుకునే లెక్క, ఇంకోవైపు చెక్క ఉబ్బే లెక్క. రెండూ కలిసి మిల్లీమీటరు తప్పితే మిషన్ షాపు నుంచి నమూనా వెనక్కి వచ్చేది. ఇప్పుడు ఆ పని చాలావరకు కంప్యూటర్ యంత్రాలు చేస్తున్నాయి, మంచిదే. కానీ చెక్కతో అన్నేళ్ళు మెలిగినందువల్ల, వీడియో చూస్తే అందులో ఏది చెప్పకుండా వదిలేశారో నాకు కనిపిస్తుంది. అది మీకు పనికొస్తుందని రాస్తున్నాను.

మొదటిది, వాళ్ళ కొలతలు మీ కొలతలు కావు. అమెరికా వీడియోలో రెండు, నాలుగు అంగుళాల బద్ద అంటే నిజానికి ఒకటిన్నర, మూడున్నర అంగుళాలే. అక్కడ చిత్రిక పట్టి, ఎండబెట్టి, అన్నీ ఒకే తీరుగా దుకాణంలో పేర్చి అమ్ముతారు. మన అడితిలో, అంటే కలప డిపోలో, కలపను ఘనపుటడుగుల లెక్కన అమ్ముతారు. వెడల్పు, మందం అంగుళాల్లో, పొడవు అడుగుల్లో తీసుకుని మూడూ గుణించి 144తో భాగించాలి. మీ బల్లకే లెక్క కడదాం. పైపలక 24 అంగుళాల వెడల్పు, అంగుళం మందం, నాలుగడుగుల పొడవు. అది ఘనపుటడుగులో మూడింట రెండు వంతులు. రెండున్నర అంగుళాల చదరపు కాళ్ళు నాలుగు, ఒక్కొక్కటి రెండున్నర అడుగులు, కలిపి సగం కన్నా కొంచెం తక్కువ, 0.43. చట్రం పట్టీలు నాలుగంగుళాల వెడల్పు, అంగుళం మందంవి, మొత్తం పదకొండు అడుగులు, 0.3. అన్నీ కూడితే 1.4. కోతలో, చిత్రికలో పోయేదానికి నాలుగో వంతు కలపండి. ఒకటి ముప్పాతిక ఘనపుటడుగులు కావాలి. ఈ అంకె చేతిలో పెట్టుకుని అడితికి వెళితే, అమ్మేవాడు మిమ్మల్ని వేరేగా చూస్తాడు.

ఏ కలప? టేకు మంచిదే, తక్కువ కదులుతుంది, చెదలు త్వరగా పట్టదు. కానీ చేవ, అంటే దుంగ నడిమి ముదురు చెక్క, ఉన్నదే తీసుకోవాలి, తెల్లచెక్క ఎక్కువున్న ముక్కకు ఆ గుణాలు ఉండవు. ధర మీ లెక్కను దాటవచ్చు. పైగా టేకులో సహజంగా సిలికా ఉంటుంది, ఉలి పదునును త్వరగా తినేస్తుంది. జిగురు పెట్టే ముందు అతుకును స్పిరిట్‌తో తుడవాలి, దాని నూనె జిగురును పట్టనివ్వదు. నేర్చుకునేవాళ్ళకు నేను సిల్వర్ ఓక్ చెబుతాను. కొడగు, చిక్కమగళూరు కాఫీ తోటల్లో నీడ కోసం పెంచే చెట్టు. తేలిగ్గా కోతకు లొంగుతుంది, ధర తక్కువ, నిలువుగా కోస్తే పలక మీద మచ్చలు మచ్చలుగా అందమైన మెరుపు కనిపిస్తుంది. ఇంట్లోనే వాడాలి, పురుగు మందు పూయాలి. దాని పొట్టు తగిలితే కొందరికి చర్మం దురద పెడుతుంది, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి.

ప్లైవుడ్ చెప్పిన సోదరుడితో నాకు తగవు లేదు. అల్మారాకు, సొరుగు అడుగుకు ప్లైవుడ్‌ను మించినది లేదు, అది అడ్డంగా నిలువుగా పొరలు పేర్చి చేసినది కనుక కదలదు. కానీ షాపులో కోయించి, ఇంట్లో స్క్రూ బిగించడం వేరు, చెక్కపని నేర్చుకోవడం వేరు. మీరు అడిగింది రెండోది అని నాకు అనిపించింది.

కలప తెచ్చాక వెంటనే ముట్టుకోకండి. బల్ల ఉండబోయే గదిలోనే, పలకల మధ్య సన్నని పుల్లలు పెట్టి, గాలి ఆడేలా పేర్చి కొన్ని వారాలు వదలండి. వీడియోల్లో ఆరు నుంచి ఎనిమిది శాతం తేమ ఉన్న కలప అంటారే, అది చలికాలంలో హీటర్లు వేసి ఇల్లు ఎండగట్టే దేశాల లెక్క. మీ గది గాలికి మీ చెక్క అలవాటుపడితే చాలు.

ఆ వారాల్లో మీకు పెద్ద పని ఉంది, పదును పెట్టడం. ఇది రాకుండా ఉలి ముట్టుకున్నవాళ్ళే ఈ పని మన వల్ల కాదు అని మానేస్తారు. మొద్దు ఉలి చెక్కను కోయదు, నలుపుతుంది. చేయి జారి గాయం చేసేదీ మొద్దు ఉలే, ఎందుకంటే బలమంతా పెట్టి నెడతారు. కొత్త ఉలికి షాపులో పెట్టి ఇచ్చే అంచు పదును కాదు. మందపాటి అద్దం ముక్క మీద నీటితో వాడే గరుకు కాగితం పరచండి, 220 నంబరుతో మొదలుపెట్టి 400, 1000, 2000 వరకు వెళ్ళండి. వాలు 25 డిగ్రీలు, మొన దగ్గర 30. ముందు ఉలి వెనకభాగం మొన దగ్గర అద్దంలా చదును కావాలి, దీన్ని అందరూ వదిలేస్తారు. తరువాత వాలు వైపు రుద్దుతుంటే, వెనక వేలు పెట్టి చూస్తే సన్నని గరుకు తగలాలి. అది మొన పొడవునా తగిలాకే తరువాతి కాగితానికి వెళ్ళాలి. పదును వచ్చిందో లేదో తెలియాలంటే మెత్తని చెక్క ముక్క తీసుకుని అడ్డకోత వైపు, నార మొనలు కనిపించే వైపు, ఒక పొర తీయండి. పొర తెగి, చెక్క నున్నగా మెరిస్తే వచ్చింది. పొడి రాలితే రాలేదు.

ఇక వీడియో చూసే పద్ధతి. పది మందిని చూడకండి. ఒకరిని పట్టుకోండి. చేతి పనిముట్లకు ఇంగ్లండ్‌కు చెందిన పాల్ సెల్లర్స్ వీడియోలు నిదానంగా, దాటవేయకుండా ఉంటాయి, యంత్రాలు లేని మీకు సరిపోతాయి. ఒక పని వీడియోను మొదటిసారి ఊరికే చూడండి. రెండోసారి కాగితం, పెన్సిల్ పెట్టుకుని, కెమెరా ఎక్కడ తెగి ముందుకు దూకిందో అక్కడ ఆపి, ఆ మధ్యలో ఏం జరిగి ఉండాలో రాయండి. మీకు ఇబ్బంది వచ్చేది ఆ మధ్యలోనే. మూడోసారి వేగం తగ్గించి మోచేయి చూడండి, చేతులు కాదు. రంపం తిన్నగా పోవడం మోచేయి, భుజం, రంపం ఒకే గీతలో ఉండడం మీద ఆధారపడుతుంది. శబ్దం కూడా వినండి. చిత్రిక సరిగా పడుతున్నప్పుడు వచ్చే శబ్దం ఒకే తీరుగా సాగుతుంది. నారకు ఎదురు పోతే టకటకా పట్టుకుంటుంది, అప్పుడు పలకను తిప్పాలి.

మీ బల్లకు కావలసిన అతుకు ఒక్కటే. కాలిలో బెజ్జం, పట్టీ చివర దానిలో కూర్చునే నాలుక. పట్టీ మందంలో మూడో వంతు నాలుకకు వదలండి. అసలు చెక్క ముట్టుకునే ముందు పనికిరాని ముక్కల మీద చేసి, చేసిన ప్రతి అతుకునూ నిలువుగా మధ్యకు కోసి లోపల చూడండి. ఎక్కడ ఖాళీ ఉందో, ఎక్కడ వాలిందో కళ్ళకు కనబడుతుంది. ఇంతకన్నా మంచి గురువు నాకు తెలియదు.

బల్లను నిజమైన కొలతలో ఒక ప్లైవుడ్ ముక్క మీదో, పాత కేలండర్లు అతికించిన కాగితం మీదో గీయండి. నమూనాల షాపులో మేం అదే చేస్తాం. టేపుతో పదిసార్లు కొలిచే బదులు, ముక్కను ఆ బొమ్మ మీద పెట్టి గీత గీస్తాం.

హొరమావు నివాసి:

మేస్త్రిగారూ, మీకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. ఆ గాడి సంగతి ఇప్పుడు పూర్తిగా అర్థమైంది. నా శ్రీమతికి కూడా చదివి వినిపించాను. ప్లైవుడ్ లెక్క చెప్పినవారికీ ధన్యవాదాలు, సొరుగు అలాగే చేస్తాను.

రెండే సందేహాలు. అతుకులు సాధన చేయడానికి ఫ్యాక్టరీల దగ్గర దొరికే పాలెట్ల (సరుకు పేర్చి పంపే చెక్క చట్రాల) చెక్క వాడవచ్చా? కలప ఆరిందని తెలుసుకోవడానికి తేమ కొలిచే మీటరు కొనాలా? ఇంకా, మా కింద అంతస్తులో ఇంటి యజమాని ఉంటారు. ఉలి మీద కొడితే శబ్దం వెళ్తుందేమోనని భయంగా ఉంది. అపార్ట్‌మెంట్‌లో చేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

జేపీ నగర్ నుంచి ఒక జవాబు:

నేను చేస్తున్నానండీ. మూడో అంతస్తు, బాల్కనీలోనే పని. నెల్లూరు మాది. మా బాబు మంచం, రెండు స్టూళ్ళు, గోడ అరలు అన్నీ ఆ బాల్కనీలోనే తయారయ్యాయి. ఆడవాళ్ళు అడితికి వెళితే కలప చూపించరేమో అని సందేహించేవాళ్ళు ఈ చర్చ చదువుతుంటే ఒక మాట: చక్కగా చూపిస్తారు. మేస్త్రిగారు చెప్పిన ఘనపుటడుగుల లెక్క నోటికి వచ్చి ఉండాలి, అంతే.

శబ్దం గాలిలో కన్నా నేల గుండా ఎక్కువ వెళ్తుంది. రంపం, చిత్రిక కింది ఇంటికి వినబడవు. బెజ్జం తొలిచేటప్పుడు ఉలి మీద పడే దెబ్బే వినబడుతుంది. జిమ్ముల్లో పరిచే మందపాటి రబ్బరు చాప పనిబల్ల కాళ్ళ కింద వేయండి. ముక్కను బల్ల మధ్యలో కాకుండా కాలికి సరిగ్గా పైన పెట్టి కొట్టండి, దెబ్బకు పలక ఊగదు. బెజ్జంలో చాలావరకు డ్రిల్లుతో వరుసగా రంధ్రాలు వేసి తీసేసి, ఉలితో చేతి బలంతో గోడలు సరిచేసుకుంటే కొయ్య సుత్తి అవసరమే తగ్గిపోతుంది. నివాస ప్రాంతాల్లో పగటి శబ్దానికి 55 డెసిబెల్స్, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు 45 అని ప్రభుత్వ నియమం ఉంది. అది అలా ఉంచండి, యజమానికి ముందుగా ఒక మాట చెప్పి, మధ్యాహ్నం నిద్ర వేళ వదిలేయడం అన్నిటికన్నా బాగా పనిచేస్తుంది.

పనిబల్ల లేదని ఆగకండి. మన ఊళ్ళలో వడ్రంగులు నేల మీద కూర్చుని, ముక్కను పాదంతో అదిమి పట్టి ఎంత సన్నని పని చేసేవారో మీరు చూసే ఉంటారు. మోకాలి ఎత్తున్న గట్టి పీట ఒకటి చేసుకుని, దాని మీద ముక్క పెట్టి, మోకాలితో తొక్కిపట్టి కోయండి. శరీరం బరువే క్లాంపు. నేను మొదట చేసుకున్నది ఆ పీటే.

ఒక విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను. గోడలు, టైల్స్ కోసే చిన్న గ్రైండరుకు రంపపు పళ్ళున్న చక్రం తగిలించి చెక్క కోసే వీడియోలు చాలా వస్తున్నాయి. చూడడానికి తేలిగ్గా ఉంటుంది, చవక కూడా. దయచేసి ఆ పని చేయకండి. ఆ యంత్రం నిమిషానికి పదివేల పైచిలుకు చుట్లు తిరుగుతుంది, చెక్క కోసే చేతి రంపపు యంత్రం వేగానికి దాదాపు రెట్టింపు. పళ్ళు చెక్కలో ఇరుక్కుంటే యంత్రం ఎగిరి మనిషి మీదికి వస్తుంది. ఇంట్లో చిన్నపిల్ల ఉన్న మీకు ఇది తప్పక చెప్పాలనిపించింది. ముఖానికి ఎన్95 మాస్కు కూడా మరవకండి. చెక్క ధూళి క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మొదటి వర్గంలోనే చేర్చింది. గరుకు కాగితం రుద్దేటప్పుడు లేచే సన్నని పొడి అన్నిటికన్నా చెడ్డది, బాల్కనీ తలుపు మూసి పెట్టండి.

బల్ల ఎత్తు ఆలోచించారా? పెద్దవాళ్ళ బల్ల 29, 30 అంగుళాలు ఉంటుంది. ఎనిమిదేళ్ళ పిల్లకు 23 అంగుళాల దగ్గర సుఖంగా ఉంటుంది. కానీ మూడేళ్ళలో చాలదు. నేనైతే పెద్ద ఎత్తుకే చేసి, కుర్చీ పెంచి, కాళ్ళ కింద పీట వేస్తాను. బల్ల పదిహేనేళ్ళు పనికొస్తుంది.

పీణ్య నమూనాల మేస్త్రి:

అమ్మాయి గ్రైండరు గురించి చెప్పింది అక్షరాలా నిజం. ఎత్తు గురించి చెప్పింది కూడా.

పాలెట్ చెక్క సాధనకు వాడుకోండి. విదేశాల నుంచి సరుకు వచ్చిన పాలెట్ల మీద గోధుమ కంకి లాంటి ముద్ర, పక్కన అక్షరాలు ఉంటాయి. హెచ్‌టీ అని ఉంటే వేడి చేసి పురుగును చంపినది, చెక్క నడిమి వరకు 56 డిగ్రీల వేడి అరగంట పాటు ఇవ్వాలని అంతర్జాతీయ నియమం. ఎంబీ అని ఉంటే విషవాయువు పట్టించినది, అది ఇంటికి తేకండి. ముద్రే లేనిదీ, నూనె మరకలున్నదీ వద్దు. చిత్రిక పట్టే ముందు అంతటా అయస్కాంతం తిప్పి చూడండి, విరిగిన మేకు ఒక్కటి లోపల ఉన్నా అంచు పోతుంది. అది ఎక్కువగా పైన్ చెక్క, మెత్తగా ఉంటుంది, బెజ్జాలు సాధన చేయడానికి బాగుంటుంది. పాప బల్లకు మాత్రం వద్దు.

మీటరు కొననక్కర్లేదు. తెచ్చిన కలప నుంచి చిన్న ముక్క ఒకటి కోసి, వంటింటి త్రాసులో తూచి, బరువు తేదీతో సహా దాని మీదే పెన్సిలుతో రాయండి. వారానికోసారి తూచండి. తగ్గుతూ వచ్చి ఒక చోట ఆగుతుంది. చిన్న ముక్క పెద్ద పలక కన్నా ముందే ఆరుతుంది కనుక, ఆగాక ఇంకో రెండు వారాలు ఓపిక పట్టండి.

పైపూత గురించి మీరు అడగలేదు కానీ ఇప్పుడే చెబుతాను. వీడియోల్లో డబ్బాల్లో వచ్చే ఖరీదైన పూతలు చూపిస్తారు. మన దేశంలో లక్క పురుగు నుంచి వచ్చే లక్క పలుకులే స్పిరిట్‌లో రాత్రంతా నానబెట్టి, నూలు గుడ్డ ఉండతో పలుచగా పూత మీద పూత వేస్తే చాలు. మా నమూనాలకు తేమ త్వరగా ఎక్కకుండా పూసేదీ అదే. పైపలకకు పైన ఎన్ని పూతలు వేస్తారో కిందవైపు కూడా అన్నే వేయండి. ఒకవైపే వేస్తే రెండో వైపు తేమ పీల్చుకుని పలక వంగుతుంది. వేడి గిన్నె పెడితే తెల్ల మచ్చ పడుతుంది, చదువుకునే బల్లకు ఆ బెడద తక్కువ. ఒకవేళ అవిసె నూనె పూయాలనుకుంటే, తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూలన పడేయకండి. నూనె ఆరేటప్పుడు పుట్టే వేడికి అవే అంటుకుంటాయి. విప్పి తీగ మీద ఆరేయండి.

పనిముట్లలో 6, 12, 25 మిల్లీమీటర్ల ఉలులు మూడు, ఒక చిత్రిక, సన్నని పళ్ళ రంపం ఒకటి, మూలమట్టం, అంచుకు సమాంతరంగా గీత గీసే మార్కింగ్ గేజ్, నాలుగు క్లాంపులు. ఇవి ఉంటే ఈ బల్ల అవుతుంది. మూలమట్టం కొనేటప్పుడు షాపులోనే పరీక్షించండి. తిన్నని అంచున్న పలకకు ఆనించి గీత గీసి, తిరగేసి అదే చోట మళ్ళీ గీయండి. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడాలి, లేకపోతే ఇంకొకటి తీయమనండి. ఆదివారం ఎస్‌జేపీ రోడ్డులో చాలా షాపులు మూసి ఉంటాయి, శనివారం ఉదయమే వెళ్ళండి. కొత్త ఉలి చేతికి వచ్చాక మొదటి పొర తీసి, ఆ అడ్డకోత ఫోటో ఇక్కడ పెట్టండి, పదును చూసి చెబుతాను.